నీహారిక పెళ్ళి

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి.

మణికొండ భీమేశ్వరరావు గారి చెవి మిషన్ ఈల వేస్తోంది. ఎందుకో కనుక్కుని జవాబు రాయాలి. పంపేది: నీహారిక.

వరంగల్ నుంచి ఒకావిడ ఎడమ చెవి తొడుగును కుడి చెవికి పెట్టుకుని నొప్పి అంటున్నారు. బొమ్మ గీసి పంపాలి. పంపేది: నీహారిక.

ఒంగోలు మాస్టారు బ్యాటరీలు చల్లగా ఉంటే ఎక్కువ కాలం వస్తాయని ఫ్రిజ్‌లో పెట్టారట. వద్దని మర్యాదగా చెప్పాలి. పంపేది: నీహారిక.

కొత్తగా మిషన్ కొన్నవాళ్ళందరికీ మొదటి మెయిలు. పంపేది: నీహారిక.

లోహిత్ సార్‌ను అడగాలి. ఇది ఒక్కటి మాత్రం నర్సింహ.

నర్సింహ అంటే నేను. నీహారిక అంటే ఎవరో అప్పటికి నాకు తెలియదు.

హైటెక్ సిటీలో చెవి మిషన్లు అమ్మే కంపెనీ మాది. మా కస్టమర్లకు ఫోన్‌లో మాట వినబడదు. అందుకే అడగవలసిందంతా మెయిల్‌లో రాసి అడుగుతారు. తెలుగులో రాసేవాళ్ళకు జవాబివ్వడానికి మేము కొద్దిమందిమి ఉన్నాం. ఎవరు రాసినా బయటికి వెళ్ళే పేరు ఒక్కటే. మెయిలు రాసే చోట పైన పంపేవారి గడి ఉంటుంది. దాన్ని నొక్కితే పేర్లు కిందికి జారతాయి. అందులో నీహారికను ఎంచుకోవాలి. మెయిలు చివర ఆమె సంతకం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. జవాబులు కూడా ఆమె చిరునామాకే వస్తాయి. అవన్నీ మేము చూసే పెట్టెలో పడతాయి.

చేరిన కొత్తలో మా మేనేజర్ లోహిత్ సార్ ఇలా చెప్పారు. "రోజుకో పేరు కనబడితే పెద్దవాళ్ళు కంగారు పడతారు నర్సింహా. ఎప్పుడూ ఒకే మనిషి చూసుకుంటోందంటే వాళ్ళకి ధైర్యం. నీ పేరుకి ఏం కాదు గానీ, నీహారిక అంటే కొంచెం సాఫ్ట్‌గా ఉంటుంది."

సరేనన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. చెప్పిన పని చెప్పినట్టు చేయడమే నాకు తెలుసు.

కానీ ఒక చిక్కు ఉంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంట్ కావాలంటే కస్టమర్లు పేరు పెట్టి మెచ్చుకున్న మెయిళ్ళు ఉండాలి. మెచ్చుకుంటున్నారు, చాలా మందే. "అమ్మా నీహారికా, నీ చేతికి దండం", "తల్లీ నీహారికా, నీ కడుపు చల్లగుండ" అని. నేను మధ్యాహ్నం అన్నం మానుకుని బొమ్మలు గీసి పంపితే చల్లబడేది ఆమె కడుపు!

ఇంకా మంట పుట్టించేది మొదటి మెయిలు. అది నేను రాసింది కాదు. నేను రాకముందు నుంచీ ఉంది. మిషన్ ఎలా పెట్టుకోవాలో చెప్పాక చివర ఒక ప్రశ్న: "పెట్టుకున్నాక మీకు మొదట వినబడ్డ శబ్దం ఏది? వీలైతే రాయండి. నాకు తెలుసుకోవాలని ఉంది."

దానికి వచ్చే జవాబులు చూడాలి. ఒకరికి తాళింపు చిటపట. ఒకరికి తన చెప్పుల చప్పుడే. ఒకాయనకు పక్క గదిలో కోడళ్ళు తన గురించి అనుకుంటున్న మాట. "మిషన్ వాపసు తీసుకుంటారా" అని అడిగాడు పాపం. భీమేశ్వరరావు గారిది మా ఆఫీసులో అందరికీ నోటికి వచ్చు. ఆయన ఇలా రాశారు: "మా ఆవిడ గాజులు. ఇన్నాళ్ళూ వేసుకోవడం మానేసిందేమో అనుకున్నాను."

అలాంటి ప్రశ్న నాకు ఎందుకు తట్టలేదు? బస్సులో కూర్చుని కూడా ఇదే ఆలోచన. పాత మెయిళ్ళన్నీ తీసి చదివాను. నీహారిక ముందు ఇంటివాళ్ళ బాగోగులు అడుగుతుంది, తర్వాతే మిషన్ సంగతి. నేనూ అలాగే రాయడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకుంటే అంత ఆమెకే పేరు.

ఇంట్లో కూడా ఆమె మాటే. మేము లింగంపల్లిలో కిరాయికి ఉంటాం. మా అమ్మ భాగ్యమ్మ చీరలకు ఫాల్ కుడుతుంది. ఒకనాడు సూదిలో దారం ఎక్కిస్తూ నా మొహంలోకి చూసింది.

"నర్సిమ్మా, గా నీహారిక అనే పిల్ల ఏ ఊరిది?"

"ఎందుకే?"

"తినేటప్పుడు గామె ముచ్చటే, పండేటప్పుడు గామె ముచ్చటే. మనసైతే చెప్పు కొడుకా, నేనేం అనను. కులం గిలం గూడ అడుగ."

"మనసు కాదే అమ్మా, మంట!"

"మొదలు గట్లనే ఉంటది తియ్యి" అని దారం పళ్ళతో తెంపింది.

ఇక లాభం లేదని ఆ సోమవారం లోహిత్ సార్‌ను అడిగేశాను. "సార్, నా పేరుతో పంపనివ్వండి. మెచ్చుకుంటే నన్ను మెచ్చుకోవాలి, తిడితే నన్నే తిట్టాలి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ట్రయల్ చేద్దాం. భీమేశ్వరరావు గారితో మొదలుపెట్టు. ఆయన ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే."

మెయిళ్ళ ఏర్పాట్లు చూసే సందీప్ వచ్చి నా పేరును ఆ గడిలో చేర్చి వెళ్ళాడు. నొక్కి చూశాను. నీహారిక కింద నర్సింహ. నొక్కడం, మూయడం, మళ్ళీ నొక్కడం. పక్క సీటు రసజ్ఞ చూసి, "ఇంకెన్నిసార్లు నొక్కుతావు? అరిగిపోతావేమో" అంది. ఆమెది కాకినాడ. నోటికి అడ్డు లేదు.

ఆ మెయిలు కోసం నేను పడ్డ కష్టం డిగ్రీ పరీక్షలకు కూడా పడలేదు. "గౌరవనీయులైన భీమేశ్వరరావు గారికి, తమ ఫిర్యాదు అందినది" అని మొదలుపెట్టాను. ఈల ఎందుకు వస్తుందో, తొడుగు వదులైతే ఏం చేయాలో వరుసగా రాశాను. ఒక్క తప్పు లేదు. కింద నా పేరు. పంపాను.

మర్నాడు జవాబు వచ్చింది. నాకు కాదు, నీహారికకు.

"అమ్మా నీహారికా, ఎవరో నర్సింహ అనే అబ్బాయి నీ బదులు రాశాడు. నీకు ఒంట్లో బాగానే ఉందా? అతను చెప్పినట్టు తొడుగు మార్చాను, ఈల ఆగింది. కానీ అమ్మా, అతను కోర్టు నోటీసు పంపినట్టు రాశాడు. మా ఆవిడ మోకాలు ఎలా ఉందని నువ్వు అడుగుతావు కదా, అడగనే లేదు. కోప్పడకు, చిన్నవాడు కాబోలు. ఇకమీదట నువ్వే రాయి."

ఆ మోకాలి సంగతి మొన్న దసరా నుంచీ ప్రతి మెయిల్లో అడుగుతున్నది నేను! నా పేరు పెట్టుకున్న రోజే మరిచిపోయాను. పేరు నాదయ్యేసరికి భయం వేసి పెద్దమనిషిలా బిగుసుకుపోయాను. అది అప్పుడు తెలియలేదు. అప్పుడు నాకు కనబడింది ఒక్కటే. ఈల ఆపింది నేను, ఒంట్లో బాగుందా అని అడిగించుకున్నది ఆమె.

గడి నొక్కి, నీహారికను ఎంచుకుని, ఆమెలాగే రాశాను. "అమ్మగారి మోకాలు ఎలా ఉందండి? నేను బాగున్నాను. నర్సింహ చాలా మంచి కుర్రాడండి. నిజం చెప్పాలంటే నాకన్నా అతనికే పని బాగా తెలుసు." అక్కడితో ఆగి ఉండవలసింది. వేళ్ళు ఆగలేదు. "నాకు పెళ్ళి కుదిరిందండి. ఉద్యోగం మానేస్తున్నాను. ఇక నుంచి అంతా నర్సింహే చూసుకుంటాడు."

పంపాక తల తేలికైంది. చంపలేదు, తరమలేదు. మర్యాదగా ఓ ఇంటిదాన్ని చేశాను. ఆ సాయంత్రం లింగంపల్లి స్టేషన్ దగ్గర మిర్చి బజ్జీలు తిని, అమ్మకు కూడా కట్టించుకెళ్ళాను.

గురువారం పొద్దున్నే కింద రిసెప్షన్ నుంచి ఫోన్.

"సార్, ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చారు. నీహారిక గారిని చూసి వెళ్తామంటున్నారు. ఆ పేరుతో ఎవరూ లేరని చెప్తున్నాను, ఆయనకేమో వినబడట్లేదు. చేతిలో చీర కూడా ఉంది సార్."

లోహిత్ సార్ మీటింగ్‌లో ఉన్నారు. రసజ్ఞకు సంగతి చెప్పాను. ఆమె బల్ల మీద తల పెట్టి నవ్వింది.

"ఆగు, నేను వెళ్ళి నీహారికనైపోతాను. నాలుగు అక్షింతలు పడతాయి, చీరా వస్తుంది. ఏ రంగో అడిగావా?"

"నువ్వెందుకు పోతవ్? ఆయనకు రాసింది నేను!"

"చూడు చూడు, మొహం ఎలా మండుతోందో! చీర కట్టుకుంటావా ఏంటి?"

నేనే దిగాను.

భీమేశ్వరరావు గారు సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు సోఫా అంచున కూర్చుని మోకాలు రాసుకుంటున్నారు. ఆవిడ చేతులకు గాజులు. వాటి సంగతి అన్నాళ్ళుగా తెలిసినవాణ్ణి కాబట్టి ముందు వాటినే చూశాను.

"నీహారిక గారు లేరండి" అన్నాను.

ఆ హాల్లో కాఫీ మిషన్ రొద, లిఫ్టు గంట, లోపలికీ బయటికీ తిరిగే జనం. అంత గోలలో చెవి మిషన్ అన్ని శబ్దాలనూ కలిపేస్తుంది. నేనే ఎందరికో రాశాను ఆ మాట.

"ఏమిటీ?" అన్నారాయన.

"లేదండీ!" అని అరిచాను. లిఫ్టు దగ్గరివాళ్ళు తిరిగి చూశారు.

"సెలవా? మరి పెళ్ళి ఎక్కడ బాబూ? అమ్మాయి అడ్రసు రాయలేదు."

"పెళ్ళి పనుల్లో ఉంటుందండీ పాపం" అన్నారావిడ.

అరిచి చెప్పే మాట కాదు అది. ఫోను తీశాను. ఆఫీసు మెయిలు అందులోనూ ఉంది. పంపేవారి గడి దగ్గర వేలు ఆగింది. నర్సింహ అని పంపితే ఆయన నమ్మరు. నిజం చెప్పడానికి కూడా ఆమె పేరే కావలసి వచ్చింది. పళ్ళు కొరుక్కుని నీహారికను నొక్కాను.

"మీ ఎదురుగా నీలం చొక్కాలో నిలబడ్డ అబ్బాయిని నేనేనండి. అమ్మగారి మోకాలి గురించి అడిగేది నేనే. పెళ్ళి లేదు. తప్పు రాశాను."

ఆయన జేబులో ఫోను మోగింది. అద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివారు. నన్ను చూశారు. మళ్ళీ చదివారు. ఫోను భార్యకు ఇచ్చారు.

"మరి పెళ్ళని ఎందుకు రాశావయ్యా?" అన్నారావిడ.

అబద్ధం తట్టలేదు. "ఆమె అంటే కుళ్ళండి నాకు."

"ఏమంటాడూ?" అన్నారాయన.

ఆవిడ ఆయన చెవి దగ్గరకు వంగి, తన బలమంతా పెట్టి చెప్పారు. "నీహారిక అంటే కుళ్ళుట అండీ!"

కాఫీ మిషన్ సరిగ్గా అప్పుడే ఆగింది. హాలంతా విన్నది. రిసెప్షన్ అమ్మాయి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

భీమేశ్వరరావు గారు నవ్వలేదు. నన్ను చేయి పట్టుకుని సోఫాలో పక్కన కూర్చోబెట్టుకున్నారు. "అయితే ఇన్నాళ్ళూ మాకు రాసింది నువ్వన్నమాట. ఇవాళే మీ కంపెనీకి నీ పేరు పెట్టి రాస్తాను. ఎవరు చేసిన మంచి వాళ్ళ పేరునే రాయాలిగా. గాజుల సంగతి అడిగింది కూడా నువ్వేగా? ఆ మొదటి ఉత్తరం? అది చదివే మేము ఇంతదూరం వచ్చాం."

తల ఊపితే చాలు. అన్నాళ్ళుగా నేను కోరుకున్నది నా ఒళ్ళోకి వచ్చేది. నా పేరు, మెచ్చుకోలు, ఉద్యోగం, ఆ ప్రశ్న కూడా. ఆమెది ఆమెకు లేకుండా చేయడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఆవిడ గాజులు సర్దుకున్నారు. ఆ చప్పుడు నాకూ వినబడింది.

వేలితో సైగ చేస్తూ అన్నాను. "కాదండి. అది రాసినప్పుడు నేను ఇక్కడ లేను."

ఆయనకు అర్థమైంది. "ఎవరు మరి?"

"తెలియదండి."

చీర కవరు నా చేతిలో పెట్టారు. "అయితే ఇది ఆ అమ్మాయిది. పెళ్ళైనా కాకపోయినా. వెతికి ఇచ్చే బాధ్యత నీదే."

ఆమె చీర మొయ్యడం కూడా నా వంతే అయింది.

పైకి వెళ్ళి సందీప్‌ను పట్టుకున్నాను. "నీహారిక అనే మనిషి అసలు ఉండెనా?"

"మనిషా? అది పేరు మాత్రమే భయ్యా. అట్లాంటి పేరు ఏదన్న ఒక మనిషి మెయిలు పెట్టెకు తగిలించాలె. మొదట ఎవరి పెట్టెకు తగిలించిన్రో చెప్త ఆగు." తెర మీద వెతికి, "బుచ్చమ్మ" అన్నాడు. "ఔ, నేను చేరినప్పుడు ఉండె. ఇప్పుడు కొత్తగూడల కళ్ళద్దాల దుకాణంల చేస్తది. మా చెల్లె అద్దాలు ఆడనే తీసుకున్నం."

శనివారం చీర పట్టుకుని కొత్తగూడ పోయాను. ఫ్లైఓవర్ నీడలో చిన్న దుకాణం. లోపల ఒక ముసలామెకు కొత్త అద్దాలు పెట్టి, ఆమె గడ్డం కింద చేయి ఆనించి, నా వయసే ఉన్న ఒకామె అడుగుతోంది.

"చెప్పు అవ్వా, మొదలు ఏం కనవడ్డది?"

"నీ ముక్కుమీది పుట్టుమచ్చ" అంది అవ్వ.

పేరు అడగనవసరం లేకపోయింది. గడపలోనే నాకు మళ్ళీ మండింది. నేను పాత మెయిళ్ళు చదివి చదివి నేర్చుకున్నది ఈమెకు మాట తీరులోనే ఉంది.

అవ్వ వెళ్ళాక సంగతంతా చెప్పాను. బుచ్చమ్మ కౌంటర్ మీద చేతులు పెట్టుకుని విన్నది. పెళ్ళి మాట రాగానే కళ్ళు పెద్దవి చేసింది.

"నాకింకా కాలే, దానికి జేసినవా పెండ్లి! పిల్లగాన్నన్న మంచోణ్ణి జూసినవా?"

"తప్పైంది అక్కా."

"గాజుల తాత బాగున్నడా? అమ్మ మోకాలు?"

నేను వాళ్ళ పేర్లు ఇంకా చెప్పనేలేదు.

"నీ పేరుతోనే ఎందుకు పంపలేదు?" అని అడిగాను.

"లోహిత్ సార్ కంటే ముందు ఒక సారు ఉండె. బుచ్చమ్మ అని పోతే కస్టమర్లు పనిమనిషి రాసిందనుకుంటరు అన్నడు. నీహారిక గాయన చిన్నబిడ్డ పేరు. బుచ్చమ్మ మా నాయనమ్మ పేరు, నాకు పెట్టుకున్నరు. నేను డిగ్రీ జేసేదాంక ఆ పేరుకు ఏం రోగం లేకుండె."

"ఆ ప్రశ్న?"

"నాయనమ్మకు చెవులు పోయినయి. మిషన్ తెచ్చి పెట్టినం. అందరు ఇనవడుతుందా, ఇనవడుతుందా అని ఒర్రుతరు. ఏం ఇనవడ్డదే అని ఎవ్వరడగలే. నేను గూడ అడగలే. ఆమె పోయినంక యాదికొచ్చింది."

చీర విప్పి చూసింది. ముదురాకుపచ్చ, సన్నని అంచు. మడత పోకుండా మళ్ళీ పెట్టి, "ఇది నీహారికకు ఇచ్చిండ్రా, నాకా?" అంది.

"ఆ ప్రశ్న అడిగినామెకు."

"గట్లయితే నాదే" అని కౌంటర్ కింద పెట్టుకుంది. ఫాల్ కుట్టడానికి మా అమ్మకు ఇమ్మన్నాను.

లోహిత్ సార్‌కు అప్పటికే అంతా తెలిసిపోయింది. పిలిచి తలుపు వేశారు. "నీహారికకి పెళ్ళి చేసి పంపేశావు. ఇప్పుడు మిగతావాళ్ళు ఎవరి పేరుతో రాయాలి?" అన్నారు. భీమేశ్వరరావు గారు అన్నంత పనీ చేశారు. నా పేరు పెట్టి మెచ్చుకుంటూ రాశారు, కోర్టు నోటీసులా రాయకూడదన్న హెచ్చరికతో సహా. పర్మనెంట్ కాలేదు. కాంట్రాక్టు పొడిగించారు. కొత్త కస్టమర్లకు మాత్రం నా పేరుతో పంపుకోవచ్చన్నారు. మొదటి మెయిల్లో ఆ ప్రశ్న ఎవరిదో ఒక్క వాక్యం చేర్చనివ్వమని అడిగాను. అది కుదరదన్నారు.

ఇప్పుడు గడి నొక్కి నర్సింహను ఎంచుకుంటాను. ముందు ఇంటివాళ్ళ బాగోగులు అడుగుతాను. చివర ఆ ప్రశ్న. జవాబులు నా పేరుకే వస్తున్నాయి. మొన్న ఒకాయన, "బాబూ నర్సింహా, ఎంత మంచి ప్రశ్న అడిగావు!" అని రాశారు. కోరుకున్నదే వచ్చింది, అయినా లోపల చురుక్కుమంది. అది నాది కాదు. నాకు అంతకన్నా మంచిది ఇంకా తట్టలేదు.

మెయిల్లో చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా చెవి మిషన్ పెట్టిస్తే, వినబడుతోందా అని అరవకండి. మొదట ఏం వినబడిందో అడగండి. వాళ్ళు చెప్పేటప్పుడు ఒక పేరు తలుచుకోండి. నీహారిక కాదు, నర్సింహ అసలే కాదు. కొత్తగూడ కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే బుచ్చమ్మను గుర్తుపెట్టుకోండి.